స్విఫ్ట్‌తో ఆటోక్రాస్‌కి ఏ రిమ్ము, ఏ టైరు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ, కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 టైర్లు (వెడల్పు 165 మి.మీ., పక్కగోడ అంటే సైడ్‌వాల్ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు), స్టీల్ రిమ్ములు. వారమంతా విశాఖలో మధురవాడ నుంచి గాజువాకకి ఆఫీసు ప్రయాణం, వీలు దొరికినప్పుడు అమెచ్యూర్ ఆటోక్రాస్ (మలుపుల కోర్సులో టైము చూసి కారు నడిపే పోటీ). కొనగలిగేది ఒకటే సెట్టు. షాపులో 17 అంగుళాల అలాయ్‌లు, 205/45 టైర్లు వేయించుకోమంటున్నారు. వేయించుకోవచ్చా?

వద్దు. 15 అంగుళాల రిమ్ము, వెడల్పు 6 లేదా 6.5, దానిమీద 195/55 ఆర్15 టైరు. ఒకే సెట్టుతో రెండు పనులూ కావాలంటే నా ఓటు దీనికే. ఎందుకో చెప్తాను.

అందరూ ముందు రిమ్ము డిజైను చూసి ముచ్చటపడి కొనేస్తారు, తర్వాత దానికి సరిపడే టైరు కోసం ఊరంతా తిరుగుతారు. చెయ్యాల్సింది దీనికి తిరగేసి. నేలని పట్టుకునేది టైరు రబ్బరు. కాబట్టి మంచి పట్టున్న టైరు మన దగ్గర ఏ సైజులో దొరుకుతుందో ముందు తేల్చుకోండి. ఆ టైరుకి ఏ వెడల్పు నప్పుతుందో చూసి రిమ్ము వెతకండి. ఆఫ్‌సెట్ (రిమ్ము కారుకి ఆనే ముఖం రిమ్ము మధ్యగీతకి ఎంత ఎడంగా ఉందో) సంగతి ఆ తర్వాత. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతిని కేంద్రం లైసెన్సు జాబితాలో పెట్టింది. నెట్‌లో విదేశీయులు మెచ్చుకునే టైరు, సైజు ఇక్కడ దొరుకుతాయని లెక్కలు వేసుకోవద్దు. 195/55 ఆర్15 అయితే ఫోర్డ్ ఫిగో కొన్ని వేరియంట్లకి కంపెనీ సైజే కాబట్టి వెతికితే దొరుకుతుంది. డీలరు దగ్గర సరుకు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే రిమ్ములకి అడ్వాన్సు ఇవ్వండి.

ఇప్పుడు లెక్కలు. టైరు ఎత్తంటే రిమ్ము అంగుళాలని 25.4తో గుణించి, దానికి రెండు సైడ్‌వాల్‌లు కలపడమే. మీ 165/80 ఆర్14 ఎత్తు 619.6 మి.మీ. పై వేరియంట్ జెడ్ఎక్స్ఐకి వచ్చే 185/65 ఆర్15 ఎత్తు 621.5. షాపువాళ్లు చెప్పిన 205/45 ఆర్17 ఎత్తు 616.3. బాలెనో సైజు 195/55 ఆర్16 అయితే 620.9. నేను చెప్తున్న 195/55 ఆర్15 ఎత్తు 595.5. అదే వెడల్పులో 195/50 ఆర్15 వేస్తే 576కి దిగిపోతుంది.

ఎత్తు విషయంలో 17 అంగుళాల సెట్టుకి వంకపెట్టడానికేమీ లేదు. తేడా వచ్చేది బరువులో, సైడ్‌వాల్‌లో. పెద్ద రిమ్ములో లోహం ఎక్కువ, పైగా ఆ బరువంతా అంచున తిరుగుతుంది. ఆటోక్రాస్ అంటే ఆగడం, తిరగడం, మళ్లీ లాగడం, అదీ ఎక్కువగా రెండో గేరులోనే. చక్రం అంచున పెరిగే ప్రతి కిలోని ఇంజను ప్రతి మలుపు తర్వాతా మళ్లీ కొత్తగా తిప్పాలి, బ్రేకు మళ్లీ ఆపాలి. చవక అలాయ్‌లు చాలావరకు స్టీల్ రిమ్ము కన్నా బరువుంటాయి. షాపుకి వెళ్లేటప్పుడు సామాను తూచే కొక్కెం త్రాసు పట్టుకెళ్లి, మీ స్టీల్ రిమ్మునీ వాళ్ల అలాయ్‌నీ టైర్లు లేకుండా తూచి చూడండి. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి. ఇక సైడ్‌వాల్: 205/45కి 92 మి.మీ., 195/55కి 107. షీలానగర్ దాటాక లారీల కింద నలిగిన రోడ్డు మీద, అందులోనూ వానాకాలం నీళ్లు నిండిన గుంతలో, ఆ 15 మి.మీ.తోనే రిమ్ము బతుకుతుంది.

అలాగని 165/80తోనే పోటీకి వెళ్తే? వెళ్లొచ్చు, మొదటిసారికి అదే మంచిది కూడా. కాకపోతే 132 మి.మీ. సైడ్‌వాల్ సన్నటి రిమ్ము మీద కూర్చుని ఉంటుంది. స్టీరింగ్ కొట్టగానే టైరు ముందు పక్కకి ఒరుగుతుంది, కారు ఆ తర్వాత తిరుగుతుంది. వరసగా పెట్టిన కోన్‌ల మధ్య పాములా పోవాల్సిన చోట ఈ ఆలస్యం ఒక్కో కోన్‌కీ పేరుకుంటూ పోతుంది.

195/55 ఆర్15 వేస్తే చక్రం ఎత్తు 3.9 శాతం తగ్గుతుంది, అంటే చక్రం దగ్గర లాగుడు నాలుగు శాతం పెరిగినట్టే. రెడ్‌లైన్ (ఇంజను తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర రెండో గేరులో కారు ఇప్పుడు 95 పోతుందనుకుంటే ఇక 91 దగ్గరే ఆగుతుంది. 195/50తో 88. ఈ లెక్క మీ కారుకి వేసుకోకుండా చిన్న టైరు కొనకండి. కోర్సులో పొడవైన తిన్నటి దారి ఉంటే, బ్రేకు కొట్టే ముందు ఒక్క క్షణం కోసం మూడో గేరు వెయ్యాల్సి వస్తుంది, లాగుడులో సంపాదించిందంతా అక్కడే పోతుంది. స్పీడోమీటరు కూడా ఎక్కువ చూపిస్తుంది, ఇప్పుడు 100 చూపించే వేగానికి పాత టైర్లతో 96 చూపించేది. గ్రౌండ్ క్లియరెన్స్ 163 నుంచి 151కి వస్తుంది. మన స్పీడ్ బ్రేకర్లకి అది చాలు. 195/50తో 141. నలుగురు ఎక్కితే ఏదో ఒకటి గీసుకుంటుంది, అందుకే రోజూ తిరిగే కారుకి దాన్ని చెప్పను.

రిమ్ము వెడల్పు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. 195/55 ఆర్15ని 5.5 నుంచి 7 అంగుళాల రిమ్ముల వరకు వేయొచ్చు. 5.5 మీద టైరు ఉబ్బి ఒరుగుతుంది. 6.5 మీద సైడ్‌వాల్ నిటారుగా నిలబడుతుంది, స్టీరింగ్ వెంటనే అందుకుంటుంది. 7 మీద పదును ఇంకొంచెం పెరుగుతుంది కానీ రిమ్ము అంచు టైరుతో సమానంగా బయటికొచ్చి ఫుట్‌పాత్‌కి గీసుకుంటుంది, చక్రం పైనుండే రేకుతో, అంటే ఫెండరుతోనూ పేచీ మొదలవుతుంది. కాబట్టి 6.5 దొరికితే అదే తీసుకోండి. తేలిగ్గా ఉన్న 6, బరువైన 6.5 రెండే ఎదురుగా ఉంటే 6 వైపే మొగ్గుతాను.

ఆఫ్‌సెట్‌ని కంటితో కాదు, లెక్కతో చూడాలి. రిమ్ము వెడల్పుని మి.మీ.లోకి మార్చి సగం చేయండి. అందులోంచి ఈటీ (రిమ్ము మీద ఉండే ఆఫ్‌సెట్ అంకె, మి.మీ.లో) తీసేస్తే బయటి అంచు, ఈటీ కలిపితే లోపలి అంచు. పాతది 5 అంగుళాలు, ఈటీ 45 అనుకుందాం (మీ రిమ్ముది వెనక పోత మీద ఉంటుంది, చూసి అదే వాడండి). బయటికి 18.5, లోపలికి 108.5. కొత్తది 6.5 అంగుళాలు, ఈటీ 38 అయితే బయటికి 44.5, లోపలికి 120.5. అంటే రిమ్ము ఫెండరు వైపు 26 మి.మీ., స్ట్రట్ (చక్రం లోపలి వైపు నిలువుగా ఉండే సస్పెన్షన్ భాగం) వైపు 12 మి.మీ. జరిగింది. ఇది రిమ్ము లెక్క మాత్రమే, టైరు ఉబ్బు అదనం. స్ట్రట్‌కీ టైరుకీ మధ్య కనీసం 5 మి.మీ. సందు మిగలాలి.

కొనేముందు ఒక్క చక్రం బిగించి చూపించమనండి. స్ట్రట్ మీద, ఫెండరు లోపలి అంచున పిల్లలు ఆడుకునే క్లే చిన్న ముద్దలుగా అంటించండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. తర్వాత వెనక ముగ్గురిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా దాటించండి. క్లే మీద గీత పడితే ఆ రిమ్ము మీది కాదు. ఈటీ మరీ తక్కువున్న రిమ్ము వేస్తే ఫెండరు తగలకపోయినా స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే కారు పక్కకి లాగుతుంది, బేరింగ్ త్వరగా పోతుంది. ఈటీ సరిపోక స్పేసరు (రిమ్ము వెనక పెట్టే లోహపు బిళ్ల) పెట్టిస్తామంటే ఒప్పుకోకండి. స్పేసరు ఎంత మందమో స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) అంత పొట్టిదైపోతుంది. నట్టు కనీసం స్టడ్ మందమంత లోతుకి ఎక్కాలి, స్విఫ్ట్‌లో అది దాదాపు పది చుట్లు.

బిగింపు విషయంలో స్విఫ్ట్‌కి గుర్తుపెట్టుకోవాల్సినవి: పీసీడీ 4×100 (100 మి.మీ. వృత్తం మీద నాలుగు స్టడ్‌లు), హబ్ రంధ్రం (చక్రం బిగించే హబ్ మధ్య బొడిపె దూరే రంధ్రం) 54.1 మి.మీ., స్టడ్ మర ఎం12×1.25 (మందం 12 మి.మీ., ఒక్కో చుట్టుకి 1.25 మి.మీ.). బయట అమ్మే అలాయ్‌ల మధ్య రంధ్రం సాధారణంగా పెద్దది, 67.1 లేదా 73.1 ఉంటుంది. 54.1కి తగ్గించే హబ్ రింగులు నాలుగూ అడిగి తీసుకోండి, లేకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా 80 దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. హ్యుందాయ్ ఐ20, హోండా సిటీ కూడా 4×100 కదా అని వాటి నట్లు వాడొద్దు. వాటి మర 1.5. రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, అక్కడ నట్లు బిగించే గన్ పెట్టి నొక్కితే స్టడ్ నాశనం. సిటీ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు: కంపెనీ నట్టు కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్‌లది కోన్ ఆకారం. పాత నట్లతో బిగిస్తే అంచు మీదే ఆనుతుంది, కొన్నాళ్లకి వదులవుతుంది. నట్లు ఎప్పుడూ టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్న అంకెకి, ఎదురెదురు క్రమంలో బిగించండి. మొదటి 50, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి. పోటీ రోజున ప్రతి రెండు రన్‌లకీ చూడండి.

విశాఖలో ఉప్పుగాలి గొడవ ఒకటి ఉంది. బీచ్ రోడ్డులో తిరిగే, సముద్రం దగ్గర నిలిపే కార్లకి అలాయ్ రిమ్ము ఇనుప హబ్‌కి అతుక్కుపోతుంది, తన్నినా రాదు. హబ్ ముఖాన్ని వైరు బ్రష్షుతో రుద్ది, మధ్య బొడిపె మీద మాత్రమే యాంటీ సీజ్ (లోహాలు అతుక్కుపోకుండా రాసే పేస్టు) పలచగా రాయండి. స్టడ్ మర మీద, నట్టు కూర్చునే చోట రాయకూడదు, రాస్తే అదే టార్క్ అంకెకి నట్టు అవసరానికి మించి బిగుస్తుంది. సెకండ్‌హ్యాండ్ అలాయ్‌లు కొంటే టైరు బీడ్ (రిమ్ముని పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే చోటు చూడండి. అక్కడ తెల్లగా పొడిపొడిగా తుప్పు ఉంటే గాలి రోజూ కొంచెం కొంచెం దిగుతుంది. వెల్డింగ్ చేసిన రిమ్ము ఉచితంగా ఇచ్చినా వద్దు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి లోపలి అంచు ఊగుతుందేమో చూసి డబ్బులివ్వండి.

టైరు కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. రెండేళ్లు దాటిన స్టాకు పోటీకి తీసుకోకండి, రబ్బరు గట్టిపడి ఉంటుంది. లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మీ పాత టైరుది 85, అంటే 515 కిలోలు. 195/55 ఆర్15 కూడా 85లో వస్తుంది, అంతకంటే తగ్గొద్దు. అమెరికాలో పోటీలు నడిపే క్లబ్బు ఎస్‌సీసీఏ స్ట్రీట్ క్లాసుల్లో ట్రెడ్‌వేర్ (రబ్బరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200 కన్నా తక్కువ టైర్లని ఒప్పుకోరు, నెట్‌లో అందరూ 200 అనేది అందుకే. మన టైర్లలో చాలావాటి మీద ఆ అంకే ఉండదు. మీరు వెళ్లే పోటీ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్‌లో (ఆ పోటీకంటూ ఇచ్చే నియమాల్లో) టైర్ల గురించి ఏం రాశారో అదే మీకు వర్తిస్తుంది. మరో మాట: మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 కంపెనీ వివరాల నుంచి మార్పులకి ఒప్పుకోదు. అదే మోడల్ పై వేరియంట్ సైజు, అంటే 185/65 ఆర్15, దీనికి అన్నిటికన్నా సురక్షితం. ఇన్సూరెన్సు పేచీ అసలు వద్దనుకుంటే 15×6 రిమ్ము మీద అదే వేసుకోండి. పట్టులో కొంత వదులుకుంటారు, అంతే.

గాలి. పోటీకి నాలుగు చక్రాల్లోనూ చల్లగా ఉన్నప్పుడు 36 పీఎస్ఐతో మొదలుపెట్టండి. టైరు భుజం దగ్గర (నేలకి ఆనే భాగం, సైడ్‌వాల్ కలిసే చోట) చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, దాని మీదుగా సైడ్‌వాల్ దాకా సుద్దముక్కతో అడ్డంగా గీయండి. రన్ అయ్యాక సుద్ద త్రిభుజం దాటి కిందికి చెరిగిపోతే టైరు ఒరిగిపోతోందని, ఆ చక్రానికి 2 పీఎస్ఐ పెంచండి. త్రిభుజం దాకా కూడా చెరగకపోతే 2 తగ్గించండి. ముందు టైర్లు జారుతూ కారు తిరగనని మొండికేస్తే, ముందు సుద్ద సరిగ్గానే ఉంటే, వెనక గాలి రెండేసి పెంచుకుంటూ పోండి. వెనక పట్టు సడలి కారు తిరుగుతుంది. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ అంకె ఎప్పుడూ దాటొద్దు. పది డిగ్రీల వేడికి పీడనం ఒకటిన్నర పీఎస్ఐ పైనే పెరుగుతుంది. మే నెలలో ఎండ పడిన వైపు టైర్లు, నీడ వైపు వాటికన్నా రెండు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తే గేజి పాడైందనుకోకండి. నీడలో నాలుగూ సమానం చేసుకుని అప్పుడు లైన్లోకి వెళ్లండి. ఇంటికి బయల్దేరే ముందు డోరు స్టిక్కరు మీదున్న అంకెకి దించడం మర్చిపోవద్దు.

ఇదంతా తారు, కాంక్రీటు నేలకి. మన దేశంలో ఆటోక్రాస్ పేరుతో మట్టి మైదానాల్లోనూ పెడతారు, ఎంట్రీ కట్టేముందు నేల ఏమిటో అడగండి. మట్టి అయితే మీ పాత 14 అంగుళాల స్టీల్ రిమ్ములే కావాలి. వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు, అలాయ్ అయితే చిట్లుతుంది. సన్నటి టైరు వదులు మట్టిని కోసుకుని కింద గట్టి నేలని అందుకుంటుంది. అందుకే పాత సెట్టు అమ్మేయకండి. (ప్రాక్టీసుకి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి, ఆ ఆలోచన మానుకోండి. అది రక్షిత భూవారసత్వ ప్రదేశం.)

అలైన్‌మెంట్‌కి వెళ్లినప్పుడు ముందు చక్రాలకి క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మార్చే బోల్టులు వేయించి ఒక డిగ్రీ నెగటివ్ దాకా, అంటే చక్రం పైభాగం లోపలికి వాలేలా తెప్పించుకోండి. దానివల్ల టైరు లోపలి వైపు కాస్త అరుగుతుంది, కానీ పోటీల్లో మొదట పోయేది బయటి భుజం కాబట్టి లెక్క సరిపోతుంది. బయటి భుజం దగ్గర గాడుల లోతు తగ్గుతోందని కనిపించగానే ముందు జత వెనక్కి, వెనక జత ముందుకి మార్చండి. తిరిగే దిశ బాణం ఉన్న టైరు అయితే ఎడమది ఎడమనే ఉండాలి.