ముందు లాక్ వేసి దిగడం పరిష్కారం కాదు

తమ్ముడూ, గుల్మార్గ్ మంచు వాలు మీద స్కీలతో దిగేటప్పుడు పిన్ బైండింగ్ (బూటును చిన్న పిన్నులతో స్కీకి పట్టి ఉంచే బిగింపు) ముందు భాగం రెండుసార్లు ఊడిందనీ, అందుకే ఇప్పుడు ముందు లివర్‌ను లాక్ చేసి దిగుతున్నాననీ రాశావు. దయచేసి మానెయ్యి. ఆ లాక్ ఎక్కేటప్పటి నడక కోసం. లాక్ వేసి పడితే, కాలు మెలితిరిగినా స్కీ పక్కకు సులువుగా వదలదు. ఇంటికి తాళం వేసి చెవి నాగావళిలో విసిరినట్టే. పిక్క ఎముకో మోకాలో బలవుతుంది.

నీ వర్ణన చూస్తే నా అనుమానం మంచు మీద. మన శ్రీకాకుళంలో మంచంటే పొద్దున్నే కురిసే పొగమంచే కనుక ఇది మనకు తట్టదు. బూటు ముందు భాగాన్ని రెండు పక్కలా పట్టే రెక్కల కింద మంచు గడ్డకడితే అవి పూర్తిగా మూసుకోవు. పైకి మూసుకున్నట్టే కనిపిస్తాయి! స్కీ కర్ర మొనతో ఆ సందు గీకెయ్యి, పిన్నులు దిగే బూటు గుంటలు కూడా. పిన్నులు కూర్చున్నాక, మడమ బిగించకముందే, బూటును నాలుగైదుసార్లు పైకీ కిందకీ ఊపు. గుంటలో మిగిలిన మంచు రాలిపోతుంది.

బైండింగ్ పాతది కొన్నానన్నావు కదా, బూటు కూడా అదేనా? బూటు అడుగు పొడవు మారితే బూటు మడమకూ బైండింగ్ వెనక భాగానికీ మధ్య ఖాళీ మళ్లీ సరిచేయాలి. ఎంత ఉండాలో మోడల్‌ను బట్టి మారుతుంది, తయారీదారు పుస్తకం చూడు. ఎంత బలానికి బైండింగ్ బూటును వదలాలో చెప్పే విడుదల అంకెను మిత్రుడి అంకె చూసి పెట్టకు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒకసారి దుకాణంలో యంత్రం మీద పరీక్ష చేయించు. గుంటలు అరిగి ఉంటే మాత్రం ఏ సర్దుబాటూ పనికిరాదు, బూటే మార్చాలి.