క్రోన అన్న పేరొక్కటే ఉమ్మడి, డబ్బు ఎవరిది వారిదే

డెన్మార్క్, స్వీడన్, నార్వే మూడింట్లోనూ క్రోనే కదా, ఒకచోట మిగిలిన నోట్లు ఇంకోచోట చెల్లుతాయా అని అడిగారు. చెల్లవండీ. నాకు ఈ సంగతి ఒక బేకరీలో తెలిసింది.

స్వీడన్‌లోని మాల్మోలో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఓ శనివారం రైలెక్కి వంతెన దాటి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ వెళ్లాను. ముప్పావు గంట కూడా పట్టదు. స్టేషన్ దగ్గర బేకరీలో బిల్లు 45 క్రోనలైతే స్వీడన్ వంద నోటు ఇచ్చాను. 55 వస్తుందనుకుంటే కౌంటర్లో కుర్రాడు 15 చేతిలో పెట్టాడు. మిగతా నలభై ఏవని అడిగితే గోడకున్న కాగితం చూపించాడు: స్వీడన్ వందకి వాళ్లు కట్టేది డెన్మార్క్ అరవై. బ్యాంకు రేటున అరవై ఆరు దాకా వచ్చేది. అంటే అతను మిగుల్చుకుంది ఆరే, తక్కినదంతా నా తెలివితక్కువతనం. ధర పక్కన రెండు దేశాల్లోనూ క్రోనకి పొట్టిగా అదే 'కేఆర్' రాస్తారు మరి!

ఇదే పొరపాటు నూట పాతికేళ్ల కిందట చేసుంటే పొరపాటయ్యేది కాదు. 1873లో డెన్మార్క్, స్వీడన్ కలిసి పాత డాలర్లను (రిగ్స్‌డాలర్, రిక్స్‌డాలర్) పక్కనపెట్టి క్రోన తెచ్చాయి. 1875లో నార్వే చేరింది. కిలో బంగారానికి 2480 క్రోనలని మూడు దేశాలకూ ఒకే లెక్క. ఎవరి నాణెం ఎక్కడిచ్చినా ఒకటికి ఒకటి. 1914లో యుద్ధం రాగానే నోటుకి బంగారం ఇవ్వడం ఆపేశారు, విలువలు తలోదారి పట్టాయి. స్వీడన్ క్రోన బలంగా ఉండటంతో పక్క దేశాల చిల్లర అక్కడికి చేరడం మొదలైంది. 1924కల్లా ఆ చిల్లర కూడా చెల్లకుండా పోయింది. ఉమ్మడి కుటుంబం విడిపోయింది, ఇంటిపేరు మిగిలింది.

ఇప్పుడు డెన్మార్క్ తన క్రోనని యూరోకి 7.46 దగ్గర కట్టేసి, అటూ ఇటూ 2.25 శాతం మించి కదలనివ్వదు. స్వీడన్ 1992 నుంచి మార్కెట్‌కే వదిలేసింది. అందుకే వాటి మధ్య తేడా ఏటా మారుతూ ఉంటుంది.

క్రోన అంటే కిరీటం. పంది బొమ్మ వల్ల మన వరహాకి ఆ పేరొచ్చినట్టే అనుకోండి. తమాషా ఏంటంటే రాజుల్లేని చెక్ రిపబ్లిక్, ఐస్‌లాండ్‌లలోనూ డబ్బు పేరు కిరీటమే. చెక్ వాళ్లది ఈ ముగ్గురి నుంచి వచ్చింది కాదు, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం 1892లో తెచ్చిన నాణెం వారసత్వం. స్లొవాకియా 2009లో, ఎస్టోనియా 2011లో తమ కిరీటాలు దించి యూరోకి మారాయి. ఫ్రాంకుదీ ఇలాంటి కథే: ఫ్రాన్స్, బెల్జియం, లక్సెంబర్గ్‌లలో పోయి స్విట్జర్లాండ్, లిక్టెన్‌స్టైన్‌లలో మిగిలింది.

డెన్మార్క్ 1, 2, 5 క్రోనల నాణేలకి మధ్యలో చిల్లు ఉంటుంది. సెలవులకి తీసుకెళ్తే మా అమ్మమ్మ చూసి, "చిల్లుకాణీ ఇంకా నడుస్తోందిట్రా అక్కడ?" అంది. నార్వే 1, 5 నాణేలకీ చిల్లుంటుంది కాబట్టి పర్సులో కలిసిపోతే కళ్లద్దాలు పెట్టుకుని ఏరుకోవాలి.

మీరు మూడు దేశాలూ తిరుగుతారంటున్నారు కాబట్టి కార్డే వాడండి. మెషీన్ మీ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని, ఆ దేశపు క్రోనలే నొక్కండి. చిల్లర మాత్రం సరిహద్దు దాటేలోపే కాఫీకి ఖర్చుపెట్టేయండి, నోట్లు మార్చే చోట నాణేలు సాధారణంగా తీసుకోరు.