ఇంజన్ చివర కొను

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

1969 నాటి షెవ్రొలే కమారో కారు కొన్నావని, ఆ పాత బండిని కోసి కొత్త తరం ఇంజన్ పెట్టాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన లిస్టు చూశాను. పైన ఎల్‌ఎస్3 అనే కొత్త తరం వీ8 ఇంజన్, దాని కింద ట్రెమెక్ కంపెనీ ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్, బ్రేకులు ఎక్కడో అట్టడుగున. ఆ లిస్టుని తలకిందులు చెయ్యి.

ముందు ఆ బండిని కొయ్యొచ్చో లేదో తేల్చుకో. డాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే నంబరు 123తో మొదలైతే అది ఆరు సిలిండర్లతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి. నిశ్చింతగా పని మొదలుపెట్టు. 124 అయితే వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. అప్పుడు ఇంజన్ బ్లాకు మీద కొట్టిన నంబరు బండి నంబరుతో కలుస్తుందేమో చూడు, కలిస్తే అది బండితో వచ్చిన ఇంజనే. నిజమైన జడ్/28, అంటే కమారోల్లో విలువైన ప్రత్యేక మోడల్ అని తేలితే దాని జోలికి వెళ్లకు, అమ్మేసి ఇంకోటి కొనుక్కో. బయట అంటించిన ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ మోడల్) బొమ్మల్ని మాత్రం నమ్మకు, అవి ఎవరైనా కొని తగిలించుకోవచ్చు. మామూలు వీ8 అయినా సరే, పాత ఇంజన్ తుక్కుకి వెయ్యొద్దు. ఆయిల్ పట్టించి, కప్పి, గ్యారేజీలో ఓ మూల పెట్టు.

తర్వాత తుప్పు. ముందు అద్దం కింద భాగం, ఫ్లోరు, డిక్కీ అడుగు, వెనక చక్రాల చుట్టూ అయస్కాంతం పెట్టి చూడు. పుట్టీ ఉన్నచోట అంటుకోదు. ఈ బండికి ముందు సగానికే విడిగా ఫ్రేము ఉంటుంది, వెనకంతా బాడీయే ఆధారం. ఫ్లోరు తుప్పు పట్టిన బాడీ మీద ఎల్‌ఎస్3 ఇచ్చే 430 హార్స్‌పవర్ పెడితే అది మెలితిరుగుతుంది. టింకరింగ్ పూర్తయ్యాక ముందు ఫ్రేముని వెనక బాడీతో కలిపే ఇనప కనెక్టర్లు వెల్డింగ్ చేయించు.

ఇంజన్ చివర కొనమనడానికి కారణం, అది డబ్బు పడేస్తే ఏ రోజైనా దొరుకుతుంది. ఇప్పుడే కొంటే పెట్టెలో ఉండగానే వారంటీ కరిగిపోవచ్చు. కొలతల కోసం తుక్కు యార్డులో సిల్వరాడో ట్రక్కు 5.3 లీటర్ల ఇంజన్ ఒకటి, పనికిరానిదైనా సరే, తెచ్చుకో. దాని బ్లాకు బయటి కొలతలు, ఎల్‌ఎస్3వి ఒకటే. దాన్ని బండిలోకి దింపి మౌంట్లు, హెడర్లు (ఇంజన్ పొగ గొట్టాలు), ఏసీ కంప్రెసర్ ఎక్కడ తగులుతున్నాయో చూసుకోవచ్చు. ట్రక్కు ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మాత్రం వాడకు, మరీ కిందికి వేలాడుతుంది. 1998-2002 కమారో పాన్ గానీ, ఈ మార్పిడి కోసమే చేసిన పాన్ గానీ తీసుకో.

పెట్రోలు దగ్గర పిసినారితనం పనికిరాదు. పాత కార్బ్యురేటర్‌కి ఆరేడు పీఎస్ఐ (టైరు గాలి కొలిచే కొలతే) ఒత్తిడి చాలు, ఎల్‌ఎస్3కి 58 కావాలి. పాత రబ్బరు గొట్టాలు, మామూలు క్లిప్పులు దాన్ని తట్టుకోలేవు. వేడి హెడర్ పక్కన పెట్రోలు చిమ్మితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. పంపు లోపలే ఉండి, మలుపుల్లో పెట్రోలు పక్కకి పోకుండా అడ్డుగోడలున్న కొత్త ట్యాంకే కొను.

వైరింగూ అంతే. పాతదానికి అతుకులు వెయ్యకు, మొత్తం కొత్తది మార్చు. ఇంజన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి లావుపాటి ఎర్త్ వైర్లు పెయింటు గీకి మరీ బిగించు. ఇంజన్ కంప్యూటర్ పాడైందని జనం పడే టెన్షన్‌లో సగం ఎర్త్ దగ్గరే పుడుతుంది.

గేర్‌బాక్స్ విషయంలో నాకూ క్లచ్ సరదానే. కానీ ఆ ఆరు గేర్ల పెట్టె పట్టాలంటే ఫ్లోరు మధ్య సొరంగాన్ని కోసి పెంచాలి. డాలస్ ట్రాఫిక్‌లో రోజూ తిప్పే ఉద్దేశం ఉంటే ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేరు) ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 4ఎల్65ఈ నయం. అమ్మాయి కూడా నడుపుకోగలదు. ఏది పెట్టినా ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్ల కోణాలు సరిగ్గా కలిపించు, లేకపోతే హైవే ఎక్కగానే కారంతా వణుకుతుంది. వెనక ఉన్నది పాత టెన్‌బోల్ట్ (పది బోల్టుల) యాక్సిల్ అయితే అది ఇంత పవర్‌కి చాలదు, అదీ మార్చాల్సిందే. నాలుగు చక్రాలకీ పాత డ్రమ్ బ్రేకులే ఉంటే ముందు డిస్క్ బ్రేకులు వేయించాకే మిగతా మాట.

లోపలి పనికి వస్తే, మీ టెక్సస్ ఎండకి ఏసీ ముందు. దానికన్నా ముందు ఫ్లోరంతా, ఇంజన్ గోడ అంతా వేడినీ మోతనీ ఆపే షీట్లు పరచాలి, లేదంటే ఎంత పెద్ద ఏసీ పెట్టినా కాళ్లు కాలుతూనే ఉంటాయి. డాష్‌బోర్డు కోసి పెద్ద స్క్రీన్ పెడతానన్నావు, అది నాకు అస్సలు నచ్చలేదు. పాత మీటర్ల చోటే పట్టే డిజిటల్ మీటర్లు దొరుకుతాయి, ఫోను పెట్టుకోవడానికి చిన్న స్టాండు చాలు. కొత్త కార్ల సీట్లు ఎత్తుగా ఉంటాయి. నువ్వు పొడుగరివి, తల పైకప్పుకి తగలకుండా కూర్చుని కొలుచుకున్నాకే కొను. 1968 జనవరి నుంచి అమెరికాలో ముందు సీట్లకి భుజం బెల్టు తప్పనిసరి అయింది కాబట్టి నీ బండి పైకప్పు అంచులో దాన్ని బిగించే చోటు ఉండాలి. వెనక్కి చుట్టుకునే కొత్త రకం బెల్టుల్ని అక్కడే బిగించు. ఉత్త రేకుకి మాత్రం బోల్టు కొట్టకు.

ఇన్సూరెన్స్ ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే పాలసీ తీసుకో. మామూలు పాలసీలో నువ్వు పెట్టిన ఖర్చుకి లెక్క ఉండదు. రసీదులన్నీ ఒక ఫైల్లో దాచు.

ఈ వారం బండి నంబరు, ఫ్లోరు కింద, డిక్కీ లోపల తీసిన ఫొటోలు పంపు. అవి చూశాకే ఇంజన్ సంగతి మాట్లాడదాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
నీ మామయ్య