పాప నా దగ్గరికి రావట్లేదు డాక్టర్, జాబ్ మానేయాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. పాపకి పది నెలలు. పుట్టినప్పుడు బరువు తక్కువుందని తొమ్మిది రోజులు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉంచారు, నాకేమో సిజేరియన్, ఆ రోజుల్లో సరిగ్గా ఎత్తుకోనేలేదు. 26 వారాల లీవు అయిపోయాక మళ్ళీ గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తున్నా, పాపని మా అమ్మ చూసుకుంటోంది. సాయంత్రం నేనొచ్చి చేతులు చాపితే మొహం తిప్పేసుకుని మా అమ్మ మెడ పట్టేసుకుంటుంది. 'కన్నతల్లినే మర్చిపోయింది' అని మా అత్తయ్యగారు అంటున్నారు. మొదట్లో ఎత్తుకోకపోవడం వల్లే ఇలా అయిందా? జాబ్ మానేయాలా? – పేరు వద్దన్న పాఠకురాలు

సలహా: డబ్బు సంగతి, మీ ఇష్టం సంగతి వేరు, కానీ పాప మొహం తిప్పుకుంటోందని మాత్రం మానేయకండమ్మా.

ముందు ఆ తొమ్మిది రోజుల సంగతి. పుట్టిన మొదటి గంటల్లో ఒంటికి ఒళ్ళు తగలకపోతే తల్లీబిడ్డల బంధం దెబ్బతింటుందని 1970ల్లో అమెరికాలో క్లాస్, కెన్నెల్ అనే ఇద్దరు పిల్లల డాక్టర్లు గట్టిగా చెప్పారు, దానివల్ల ఒక మేలు జరిగింది, ఆస్పత్రుల్లో బిడ్డని తల్లి పక్కన ఉంచడం పెరిగింది. కానీ ఆ టైమ్ దాటితే ఇక అంతే అన్న మాట తర్వాత పరిశోధనల్లో నిలబడలేదు. బిడ్డకి బంధం అనేది ఒక్క రోజులో పడే ముడి కాదు, ఏడిస్తే ఎవరో వచ్చారు, ఆకలేస్తే పాలొచ్చాయి, నవ్వితే తిరిగి నవ్వారు, ఇలా నెలల తరబడి రోజుకి వంద సార్లు జరిగి జరిగి ఏర్పడుతుంది. ఎన్‌ఐసీయూ అద్దం అవతల నిలబడి మీరు ఏడ్చిన ఏడుపు మీకు గుర్తుంటుంది, పాపకి ఉండదు.

ఇక పది నెలల వయసు. ఎనిమిదో నెల దాటాక పిల్లలకి మనిషి కళ్ళముందు లేకపోయినా ఎక్కడో ఉన్నారని తెలియడం మొదలవుతుంది, అందుకే అప్పటిదాకా అందరి చంకా ఎక్కిన పిల్ల ఉన్నట్టుండి కొత్తవాళ్ళని చూస్తే ఏడుస్తుంది, అలవాటైన మనిషి బాత్రూమ్‌కి వెళ్ళినా ఏడుస్తుంది. మీ పాపకి పగలంతా ఆ అలవాటైన మనిషి అమ్మమ్మ. పొద్దున్నుంచి ఆ చీర వాసనలో, ఆ గొంతులో ఉన్న పిల్లని, ట్రాఫిక్‌లో గంటన్నర నలిగొచ్చి బ్యాగ్ భుజాన ఉండగానే లాక్కుంటే ఏం చేస్తుంది చెప్పండి.

అయినా ఒకళ్ళతో చనువు పెరిగితే ఇంకొకళ్ళకి తగ్గిపోవడానికి ఇది ఆస్తి పంపకం కాదు. 1964లో షాఫర్, ఎమర్సన్ అనేవాళ్ళు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి గమనించారు, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒకరికంటే ఎక్కువమందికి చేరువయ్యారు, తండ్రి, అమ్మమ్మ, అక్క ఇలా. మన ఉమ్మడి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది చెప్పడానికి గ్లాస్గో అక్కర్లేదనుకోండి.

మా ఓపీలో చూసింది ఒకటి చెప్తా. పది, పదకొండు నెలల బాబు, అమ్మమ్మ చంకలో ఉన్నాడు. నేను స్టెత్ దగ్గరికి తీసుకెళ్ళగానే మూతి వంకర పెట్టి ముందు అమ్మమ్మ మొహం చూశాడు, ఆవిడ నవ్వింది. అక్కడితో ఆగలేదు, తల తిప్పి కుర్చీలో కూర్చున్న వాళ్ళమ్మ మొహం కూడా చూశాడు, ఆమె కూడా తలూపాక అప్పుడు స్టెత్ పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ తల్లి కంప్లైంట్ కూడా మీదే! మీ పాప కూడా ఇలా మీ మొహం చూస్తుందేమో గమనించండి, చూస్తోందంటే మిమ్మల్ని మర్చిపోలేదనే.

మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్ట్ పెట్టిన పరీక్ష గురించి యూట్యూబ్‌లో చూసి ఇంట్లో ట్రై చేసేవాళ్ళున్నారు, మీరు చేయకండి. తల్లి గది బయటికెళ్ళి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఎలా ఉంటుందో చూసే పరీక్ష అది, 12 నుంచి 18 నెలల పిల్లలకి, ట్రైనింగ్ ఉన్నవాళ్ళు చేయాల్సింది. సాయంత్రం మొహం తిప్పుకున్నంత మాత్రాన పాపకి ఏ లేబులూ అంటించొద్దు.

చేయాల్సింది ఇది. ఇంటికి రాగానే ఎత్తుకోకండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, కాళ్ళు చేతులు కడుక్కుని అమ్మమ్మ పక్కనే కింద కూర్చుని మీ అమ్మతో మాట్లాడండి, పాప వైపు చూసి నవ్వండి అంతే. పావుగంటో అరగంటో, తనే పాక్కుంటూ వచ్చి మీ చున్నీ లాగుతుంది. అప్పుడు ఆ చున్నీ మొహం మీద వేసుకుని దోబూచి ఆడండి, మాయమైన అమ్మ మళ్ళీ వస్తుందన్నదే కదా ఆ ఆట. రాత్రి ఒక పని మీదే అని పెట్టుకోండి, ఒళ్ళంతా నూనె రాసి కాళ్ళమీద పడుకోబెట్టి స్నానం చేయిస్తారో, జోకొట్టి నిద్రపుచ్చుతారో మీ ఇష్టం, రోజూ అదే టైమ్‌కి మీరే చేయండి. వాళ్ళ నాన్నకీ ఒకటి అప్పజెప్పండి, ఆయన ఊసే మీ ఉత్తరంలో లేదు. పొద్దున మాత్రం పాప చూడకుండా జారుకోవద్దు, ఏడ్చినా సరే టాటా చెప్పే వెళ్ళండి, దొంగచాటుగా వెళ్తే పగలంతా తలుపు వైపే చూస్తుంది.

పాప మీ ఒక్కరి దగ్గరికే కాదు, ఎవరి దగ్గరికీ రాకపోయినా, మొహంలోకి చూసి నవ్వకపోయినా, ఏడాది నిండాక కూడా పేరు పిలిస్తే తిరగకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. మీరు రాసినదాన్ని బట్టి అవేవీ కనపడట్లేదు.

నాకు పాపకంటే మీ గురించే కాస్త అనుమానంగా ఉంది. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, నేను పనికిరాని తల్లిని అనిపించడం రెండు వారాలకి మించి ఉంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, ఏడాదిలోపు ఎప్పుడైనా కనపడొచ్చు, మందులు, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. సైకియాట్రిస్ట్‌ని కలవండి, వెంటనే కుదరకపోతే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.