సుధకు పెదనాన్న ఉత్తరం

అమ్మా సుధా,

మయన్మార్ సైనిక ప్రభుత్వం మీద ఆంక్షలకు సిఫారసులు రాసే పనిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది.

మామూలు సంగతులు నీకు తెలుసు. ఆంక్ష పెట్టమనే ప్రతి పేరు పక్కన పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఉండాలి. బర్మా వాళ్లకు ఇంటిపేర్లుండవు, ఒకే పేరు ఎందరికో ఉంటుంది. తేదీ లేకపోతే ఏ పాపం ఎరగనివాడి ఖాతా ఫ్రీజ్ అవుతుంది. కంపెనీ అయితే వాటాల లెక్క జతచెయ్యి. అమెరికా నియమంలో ఆంక్షల జాబితాకెక్కినవాళ్ల వాటాలన్నీ కలిపి 50 శాతమైతే కంపెనీకీ ఆంక్ష వర్తిస్తుంది. అందుకే 49 దగ్గర ఆగి, మిగతాది బావమరిది పేర పెట్టేవాళ్లుంటారు.

2003 సంగతి మాత్రం తాపీగా చదువు. మే 30న దెపాయిన్ అనే ఊళ్లో ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ వాహనాల మీద దాడి జరిగింది. జులైలో అమెరికా బర్మా సరుకుల దిగుమతి మొత్తం ఆపే చట్టం చేసింది. ఆ కోపంలో న్యాయముంది. కానీ అమెరికాకు వెళ్లేవి ఎక్కువగా కుట్టిన బట్టలే. రంగూన్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలమంది ఆడపిల్లల కూలి పోయింది. అవతల బర్మా సముద్రంలోని యదానా క్షేత్రం గ్యాస్ గొట్టంలో థాయిలాండ్‌కు పోతూనే ఉంది, డాలర్లు జనరల్స్‌కు అందుతూనే ఉన్నాయి. అమెరికా 1997 నిషేధం కొత్త పెట్టుబడులకే కాబట్టి ఆ క్షేత్రంలో యునోకాల్ అనే అమెరికా చమురు కంపెనీకి అప్పటికే ఉన్న వాటా కదల్లేదు. బర్మా ప్రభుత్వ గ్యాస్ సంస్థ మీద యూరోపియన్ యూనియన్ ఆంక్ష పెట్టింది 2022 ఫిబ్రవరిలో! ఆడపిల్లల కూలి తెగడానికి రెండు నెలలు, గ్యాస్ డబ్బు దాకా రావడానికి పంతొమ్మిదేళ్లా తల్లీ? నువ్వు ఏ కాగితం మొదలుపెట్టినా సైన్యానికి విదేశీ డబ్బు దేని మీద వస్తోంది, ఏ బ్యాంకులో పడుతోంది అన్నదే ముందు తేల్చు. తర్వాత విమాన ఇంధనం: అమ్మిందెవరు, ఓడ ఎవరిది, బీమా ఎవరిది. ఊళ్ల మీద బాంబులు పడేది దానితోనే.

మందులకు, ఇళ్లకు పంపే డబ్బుకు మినహాయింపు స్పష్టంగా రాయి. లేకపోతే బ్యాంకులు భయపడి అనుమతి ఉన్నవీ ఆపేస్తాయి.

ఎప్పుడు ఎత్తెయ్యాలో కూడా ముందే రాయాలి. 2016 అక్టోబరులో అమెరికా ఆంక్షలు ఎత్తేసేనాటికి పార్లమెంటులో పావు వంతు సీట్లు, రక్షణ, హోం, సరిహద్దు శాఖలు సైన్యం చేతుల్లోనే ఉన్నాయి. మరుసటి ఆగస్టు నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

నా గుబులు నీకు కాగితాలు అందించే గుమస్తాల గురించి. వాళ్లిచ్చిన పేజీ ఫొటో ఎప్పుడూ బయటపెట్టకు. ముద్రించిన సమయం, మూల మీది నంబరు చాలు, ఎవరిచ్చారో పట్టేస్తారు. అంకెలు వేరే కాగితం మీద ఎక్కించుకో. ఇంకోచోట కూడా దొరికిన సమాచారమే అచ్చుకివ్వు. ఆ మనిషి పేరు నీ కంప్యూటర్లో, ఫోన్లో ఎక్కడా ఉండకూడదు. తొందరపడమని పైవాళ్లు ఎంత ఒత్తిడి చేసినా ఇందులో తగ్గకు. నువ్వు మెతకమనిషివి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటి ముసాయిదా నాకు పంపు. వాటాల లెక్క నేను సరిచూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న