గాస్-జోర్డాన్‌ను చాయిస్‌లో వదిలేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. డేటా సైన్స్ చదవాలని ఆశ. మ్యాట్రిసెస్‌లో (అంకెల పట్టికల పాఠం) సమీకరణాలు సాధించే క్రామర్ పద్ధతి చక్కగా చేస్తుంది. అదే పనికి వాడే గాస్-జోర్డాన్ పద్ధతి అనేసరికి ప్లస్సులు, మైనస్సులు తారుమారవుతున్నాయి. చాయిస్‌లో వదిలేస్తానంటోంది. నష్టమా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పరీక్ష వరకే అయితే గట్టెక్కవచ్చు. డేటా సైన్స్ అంటున్నారు కాబట్టి మాత్రం వదలనివ్వకండి. ఎందుకో ఒక టీకొట్టు లెక్కతో చెబుతాను, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఒక టీ, రెండు సమోసాలకు 50 రూపాయలు. రెండు టీలు, మూడు సమోసాలకు 85. ఎక్స్, వై రాయకుండా అంకెలు మాత్రమే పేర్చి, బిల్లు మొత్తానికి ముందు ఒక నిలువు గీత గీస్తే అదే ఆగ్మెంటెడ్ మ్యాట్రిక్స్:

1  2 | 50
2  3 | 85

రెండో వరుసలోంచి మొదటి వరుసకు రెట్టింపు తీసేస్తే 0  –1 | –15 మిగులుతుంది. అంటే సమోసా 15, దాన్ని మొదటి బిల్లులో వేస్తే టీ 20. ఇలా వరుసలోంచి వరుస తీసేస్తూ జవాబు తేల్చడమే గాస్-జోర్డాన్.

ఇప్పుడు రెండో బిల్లు మార్చుదాం. రెండు టీలు, నాలుగు సమోసాలు, 100 రూపాయలు. అదే పని చేస్తే 0  0 | 0 వస్తుంది. రెండో బిల్లు కొత్తగా ఏమీ చెప్పలేదన్నమాట. ధరలు ఎన్ని రకాలుగానైనా ఉండొచ్చు. అదే బిల్లు 110 అని ఉంటే 0  0 | 10 వస్తుంది. ఏమీ కొనకుండా పది రూపాయలు! రెండు బిల్లులకూ పొంతన లేదు. ఈ రెండు చోట్లా డిటర్మినెంట్ (గీతకు ఇటువైపు అంకెల నుంచి లెక్కగట్టే సంఖ్య, క్రామర్ భాగించేది దీనితోనే) సున్నా కాబట్టి క్రామర్ సూత్రంతో భాగించడం కుదరదు. గీత పక్కనున్న అంకె మాత్రం ఉన్న విషయం చెప్పేస్తుంది. డేటాతో పనిచేసేవాళ్లకు రోజూ ఎదురయ్యేవి ఇవే: ఒకే సమాచారం రెండుసార్లు రావడం, ఒకదానికొకటి పొసగని అంకెలు రావడం.

ఆ పేరులోని జోర్డాన్ కూడా కొలతల మనిషే. విల్‌హెల్మ్ జోర్డాన్ 19వ శతాబ్దపు జర్మన్ భూమి సర్వే నిపుణుడు.

సైజు సంగతీ ఉంది. 20 తెలియని రాశులుంటే డిటర్మినెంట్‌ను పూర్తిగా విస్తరిస్తే వచ్చే పదాల సంఖ్యే 19 అంకెలుంటుంది. వరుసలు తీసివేసుకుంటూ పోతే సుమారు 6 వేల చిన్న లెక్కల్లో తేలిపోతుంది. 2024లో మొదలైన గేట్ (ఎంటెక్ ప్రవేశాలకు రాసే పరీక్ష) డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ సిలబస్‌లో గాసియన్ ఎలిమినేషన్‌ను, అంటే గాస్-జోర్డాన్‌కు మూలమైన ఈ వరుసల తీసివేతనే, పేరుపెట్టి మరీ ఇచ్చారు.

ఇక తప్పుల సంగతి. నేను చూసిన పిల్లల్లో చాలామంది గీతకు ఇటువైపు వరుస మార్చి, అటువైపు అంకెను మార్చడం మరిచిపోతారు. ఏ వరుసలోంచి ఎన్ని రెట్లు తీశారో పక్కనే రాయమనండి. ఒక్కో మెట్టులో ఒకే వరుస మార్చమనండి. 1తో మొదలయ్యే వరుస ఉంటే దాన్ని పైకి తెచ్చుకుంటే భిన్నాల బెడద తగ్గుతుంది. వచ్చిన జవాబును మొదటి సమీకరణాల్లో వేసి చూడటం ఒక్క నిమిషం పని, అది మాత్రం మానొద్దు. రోజుకు రెండు లెక్కలు చాలు, మూడు వారాలు చేయనివ్వండి.

ఆ తర్వాత 110 రూపాయల బిల్లు మళ్లీ ఇవ్వండి. అమ్మాయి జవాబు కోసం తంటాలు పడకుండా "నాన్నా, ఈ బిల్లుల్లో ఏదో తప్పుంది" అంటే, తనకు పట్టు దొరికినట్టే.