చి. సౌమ్యకు, ల్యాబులో చేరే ముందు

చిరంజీవి సౌమ్యకు అత్త ఆశీస్సులు.

హెచ్‌సీయూ లైఫ్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని అన్నయ్య రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత మైక్రోబయాలజీ ల్యాబులో అడుగుపెడుతున్నది నువ్వే. సంతోషం ఎంతో, గుబులూ అంతే.

జేఆర్ఎఫ్ ఫెలోషిప్ ఉంది కాబట్టి మొదటి రెండేళ్ళూ నెలకు 37,000 వస్తాయి. ఒక్కోసారి ఆలస్యమవుతాయి, నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకో. గైడ్‌ని ఎంచుకునే ముందు ఆ ల్యాబు వదిలి వెళ్ళినవాళ్ళతో కూడా మాట్లాడు. కోర్సు వర్క్ నీకు లెక్కలోది కాదు.

ఇక నేను చెప్పాలనుకున్న సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1986లో మన పొలం గట్టు మట్టిలోంచి నాకొక స్ట్రెప్టోమైసిస్ దొరికింది, మట్టిలో దారాల్లా పెరిగే బాక్టీరియా అది. ప్లేటు మీద సున్నం చల్లినట్టు తెల్లగా, పొడిపొడిగా పెరిగేది. మూత తీస్తే తొలకరి పడ్డ మట్టి వాసన. ఆ వాసన తెచ్చే జియోస్మిన్‌ని ఎక్కువగా తయారుచేసేది ఆ జాతే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలు నడిపిన రోజుల్లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది ఇలాంటి మట్టి జీవి నుంచే. నేనూ ఏదో ఒక మందు కనిపెడతాననే నమ్మాను.

ఒక సాయంత్రం మెస్ మూసేస్తారని తొందరపడ్డాను. ప్లేట్లలో పోసే మీడియాలో క్రిములేవీ మిగలకుండా ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్ 121 డిగ్రీలకు చేరాక కనీసం పావుగంట ఉంచాలి. ఏడెనిమిది నిమిషాలకే కట్టేశాను. మామూలు క్రిములు ఆ వేడికి చస్తాయి, బాసిల్లస్ అనే బాక్టీరియా స్పోర్లు, అంటే వేడిని తట్టుకునే దాని గట్టి గింజల్లాంటివి, చావవు. ఏమీ వేయని ప్లేటు ఒకటి పక్కన పెట్టి ఉంటే మర్నాడే బయటపడేది. పెట్టలేదు. నా స్ట్రెయిన్, అంటే ఆ గట్టు మట్టి జీవి, పెరగడానికి ఐదారు రోజులు పట్టేది, ఆసారి తెల్లారేసరికే ప్లేటు నిండిపోయింది. మూత తీసి వాసన చూశాను. మట్టి వాసన లేదు.

సౌమ్యా, నాకు అప్పుడే అనుమానం వచ్చింది. గైడ్ ఏమంటారోనని నోరు విప్పలేదు. చుట్టూ క్రిములు చచ్చే జోన్ ఎప్పటిలాగే వస్తోంది కదా అని సర్దిచెప్పుకున్నాను. బాసిల్లస్ కూడా యాంటీబయాటిక్స్ చేస్తుందని పరీక్షలో రాసినదాన్నే, ఆ రోజు గుర్తు రానివ్వలేదు. పద్నాలుగు నెలలు దాని మీదే పనిచేశాను. చివరికి ఒక జూనియర్, క్రిములకు రంగు వేసి మైక్రోస్కోపులో చూసే గ్రామ్ స్టెయిన్ నేర్చుకోవడానికి నా ప్లేటు తీసుకుని, "అక్కా, దారాల్లా ఉంటాయన్నావుగా, ఇవి పుల్లల్లా ఉన్నాయేంటి?" అంది. వెళ్ళి చూశాను. స్లైడంతా ఊదారంగు పుల్లలు.

అసలు స్ట్రెయిన్‌ని విడిగా దాచలేదు, స్లాంటు నుంచి స్లాంటుకు (ట్యూబులో ఏటవాలుగా గడ్డకట్టించిన మీడియా) మార్చుకుంటూ పోయాను. ట్యూబులు చాలక పాత స్లాంట్లు నా చేత్తోనే కడిగేశాను. మళ్ళీ అదే గట్టు మట్టి తెచ్చి వెతికితే దొరకలేదు. గైడ్ తిట్టలేదు. "మొదటిరోజే చెప్పి ఉంటే పాత స్లాంటు ఉండేది కదమ్మా" అన్నారు, అంతే. ఆ మాట ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది.

నువ్వూ నాలాంటిదానివే, అదే నా భయం. ఆరో తరగతిలో అరచేతిలో గాజుముక్క గుచ్చుకుంటే రెండు రోజులు గుప్పిట మూసుకుని తిరిగావు. చీము పట్టాక గానీ మీ అమ్మకి తెలియలేదు. ఆ పని ల్యాబులో చేశావంటే ఊరుకోను. అనుమానం వచ్చిన రోజే చెప్పు. తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాయి, తర్వాత కొట్టేయకు. స్ట్రెయిన్ చేతికొచ్చిన వెంటనే గ్లిజరాల్ కలిపి దాచుకునే స్టాకులు చేసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టు, అవీ రెండు వేర్వేరు ఫ్రీజర్లలో. గైడ్‌తో చెప్పడానికి నోరు రాకపోతే ముందు నాకు చెప్పు, రాత్రి ఒంటిగంటైనా ఫోన్ ఎత్తుతాను.

రాత్రుళ్ళు పని చేయొద్దని అనను తల్లీ, క్రిములు మన టైం చూసుకుని పెరగవు. కానీ తిని వెళ్ళు. గదిలో నాలుగు అరటిపళ్ళు ఎప్పుడూ ఉంచుకో. ఆకలితో ఆటోక్లేవ్ దగ్గరికి వెళ్ళకు.

నీ మొదటి ప్లేటు మీద కాలనీలు వచ్చిన రోజు ఫోటో పంపు. పక్కన ఏమీ వేయని ప్లేటు కూడా అందులో కనపడాలి.

మీ అత్త